అవునండి అనే మనిషి

ఫిరంగుల మోతలో చెవులు పోగొట్టుకున్న మనిషికి వైకల్య పెన్షన్ ఇవ్వలేదు. అడిగితే, సర్వీసు పెన్షన్ వస్తోందిగా అన్నారు. అది చేసిన కొలువుకి, ఇది పోయిన చెవులకి. అయిదో తరగతి దాటని నాకే తెలిసిన తేడా ఇది.

ఆయన తెనాలిలో మా పక్కింటి హవల్దారు. వినబడలేదని చెప్పడం ఆయనకు నామోషీ. ఎదుటివాళ్ళ పెదవులు ఆగగానే "అవునండి" అనేవాడు, పోయేదాకా అంతే. "బాబాయ్, నీ గేదెను నాకు ఊరికే ఇచ్చేస్తావా?" అని నందివెలుగు పాలవాడు ఆటపట్టించినా "అవునండి" అన్నాడు. అప్పుడు నేనూ నవ్వినవాణ్ణే.

అర్జీలన్నీ నేనే రాశాను. చివరికి బాపట్లలో విచారణకు పిలిచారు. నన్ను గుమ్మం బయటే ఆపేశారు. లోపలినుంచి ఆయన గొంతు వినబడుతూనే ఉంది: అవునండి, అవునండి.

బయటికొచ్చాక చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "ఏం అడిగారు అన్నయ్యా?"

"ఏమో తమ్ముడూ. మర్యాదస్తులు. కుర్చీ వేశారు."

కొన్నాళ్ళకు జవాబొచ్చింది. ఆయన చదువుకుని, కాగితం నా చేతిలో పెట్టాడు.

"అర్జీదారు ప్రతి ప్రశ్నకూ తడుముకోకుండా జవాబిచ్చారు. వినికిడి లోపమేదీ కనబడలేదు. సర్వీసు పెన్షన్ యథావిధిగా కొనసాగును."