డాక్టరు నాలిక చూసే కంపౌండరు

కంపౌండరు జగన్నాధానికి ఒక్కటే పిచ్చి. రోగుల నాలిక డాక్టరు చూసే ముందు, డాక్టరు నాలిక తను చూసేవాడు.

గజపతినగరానికి నాలుగు మైళ్ళ అవతలి ఆ జిల్లా బోర్డు ఆసుపత్రిలో పొద్దున్నే తలుపు తీయగానే, "డాక్టరు బాబూ, నాలిక!" అని కేక వినపడేది. వరండాలో పాతికమంది మూలుగుతూ చూస్తున్నా సరే, నలుగురు పిల్లల తండ్రి అయిన ధర్మారావు డాక్టరు బుద్ధిగా నోరు తెరిచేవారు. జగన్నాధం కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "తెల్లగా ఉన్నాది. రేత్రి తిన్నేదు కదూ?" అని గద్దించేవాడు. కొత్తగా వచ్చిన రైతులు హడలిపోయేవారు. "ఓలప్పా, డాక్టరుకే బాగునేదట! మనకేటి సేస్తాడు?" అని ఒకాయన బండెద్దుల్ని మళ్ళీ కాడికి కట్టేసి వచ్చిన దారినే పోయాడు.

జగన్నాధం నాలిక చూసి ఊరుకుంటాడా? రోగుల పుస్తకంలో రాసేవాడు. "పేరు: ధర్మారావు. జబ్బు: నిన్నటి నుంచి అన్నం లేదు. మందు: చోడి అంబలి ఒక చెంబు, పావుగంట కుర్చీ. గుణం: మొహం తేటపడింది." చోళ్ళంటే రాగులే; ఆ అంబలి చెంబు జగన్నాధం ఇంటి నుంచే వచ్చేది. అది ఖాళీ అయ్యేదాకా డాక్టరు రాసిన చీటీకి మందు కలిపేవాడు కాదు. "ఆకలి మీద రాసిన సీటీ నాను ముట్టను!" అని చీటీని బల్ల అవతలికి తోసేసేవాడు.

అతని కోపంలో న్యాయం లేకపోలేదు. అప్పుడు యుద్ధం. ఐదుగురు చేయవలసిన పని; వాళ్ళలో ముగ్గురిని సైన్యం పట్టుకుపోయింది. కంపౌండరు ఎలాగూ మందుల గది వదిలి కదలడు గనక, మిగిలిన పని డాక్టరు, నర్సు కన్యాకుమారి పంచుకోవాలి. చుట్టుపక్కల ముప్పై ఊళ్ళు. మన్యం జ్వరాలు, కలరా, కాన్పులు. వాళ్ళిద్దరూ ఎప్పుడు తింటున్నారని అడిగిన నాథుడు లేడు. సూదులు ఎన్ని పొడిచారని మాత్రం బోర్డు వాళ్ళు నెలనెలా అడిగేవారు. "జట్కా గుర్రానికి మిట్టమజ్జేనం కట్లిప్పి ఉలవలెడతారే! మనిసికెట్టరా?" అని జగన్నాధం గోడల్ని నిలదీసేవాడు. గోడలేం చెబుతాయి?

కన్యాకుమారిది పొందూరు. తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు ఆమె ఉద్యోగం మీదే బతుకుతున్నారు. చేరిన మొదటి రోజే జగన్నాధం నాలిక చూపించమంటే ఆమెకి తల తీసేసినట్టయింది.

"నేను రోగిని కాదు, నర్సుని!" అంది.

"తిన్నేని నర్సు రోగికన్నా పెమాదం తల్లీ. సూపించు."

ఆడవాళ్ళంతా చూస్తుండగా నాలిక చాపవలసి వచ్చింది. ఈ ముసలాయనకి మతి లేదని ఆ సాయంత్రమే తల్లికి ఉత్తరం రాసింది. తర్వాత తర్వాత దెబ్బలాడి విసిగిపోయి, అతను దగ్గరికి రాగానే తనే నోరు తెరిచేసేది.

ఆ ఏడు శ్రావణంలో లక్ష్మణమ్మ అనే రైతుబిడ్డకి కాన్పు కష్టమైతే, కన్యాకుమారి రెండు రోజులు ఆ ఊళ్ళోనే నిలబడిపోయింది. తల్లీ బిడ్డా దక్కారు. మూడోనాడు పొద్దున్న బురదకాళ్ళతో ఆసుపత్రికి వచ్చి, సూది మందు తీయబోతే చేయి వణికింది. జగన్నాధం సూది లాగేసుకున్నాడు. నాలిక కూడా అడగలేదు. పుస్తకం తీసి, "జబ్బు: రెండు రోజులుగా నిద్ర లేదు. మందు: సాయంత్రం దాకా పడక" అని రాసి, ఖాళీ మంచం చూపించాడు.

"డాక్టరు గారు ఊళ్ళో లేరు. ఎవరైనా వస్తే?"

"నానున్నాను. పడుకో!"

పడుకుంది. సరిగ్గా అప్పుడే బోర్డు మెంబరు భీమశంకరరావు వేలు పైకెత్తి పట్టుకుని దిగాడు. గోరుచుట్టు. నేను కట్టు కడతానని జగన్నాధం అంటే వినలేదు; నర్సే కట్టాలన్నాడు. లోపలికి తొంగి చూసి కెవ్వుమన్నాడు.

"ఏటయ్యా ఇది! బోర్డు జీతం తింటా, బోర్డు మంచం మీద నిద్రేటి?"

"సిన్నగా మాటాడండి. అక్కడ రోగున్నాది."

"అది నర్సయ్యా!"

"నర్సుకి రోగం రాకూడదని బోర్డు తీర్మానం సేసిందేటి?"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. మెంబరుగారి గోరుచుట్టు మీద జగన్నాధం నోరు పడింది. ఆయన కట్టు కట్టించుకోకుండానే పోయి, పనివేళ నిద్రపోయిన నర్సుని తీసేయాలని అర్జీ పెట్టేశాడు. రెండు ప్రాణాలు నిలబెట్టిందని ఒక్క కాగితం ముక్క ఎవరూ పంపలేదు గాని, అర్జీకి మాత్రం వారం తిరక్కుండా కాళ్ళొచ్చాయి.

విచారణకి నారాయణమూర్తి అనే పెద్ద డాక్టరు, ఆయన వెంట భీమశంకరరావు వచ్చారు. ధర్మారావుగారు ఆ వేళా ఊళ్ళ మీదే ఉన్నారు. కన్యాకుమారి తలుపు పక్కన నిలబడింది. పొందూరు వెళ్ళి తల్లికి ఏం చెప్పాలో తెలియడం లేదు. పడుకోమన్న మనిషి మీద ఒళ్ళు మండిపోతోంది. పెద్ద డాక్టరు ఎవరినీ కూర్చోమనలేదు. "నిద్రపోయావా?" అన్నారు. "పోయానండీ" అంది. "అయితే ఇంక విచారణేమిటి?" అని విసుక్కుని, ఆమెని తొలగిస్తున్నట్టు రాసేశారు. సంతకం ఒక్కటే మిగిలింది.

"బాబూ, కలం కిందెట్టండి," అన్నాడు జగన్నాధం.



"తమరు ఎప్పుడు తిన్నారు?"

"ఏమిటా ప్రశ్న?" అని ఆయన లేచారు. లేచిన మనిషి తూలి బల్ల పట్టుకున్నారు. రెండు రోజుల్లో అది ఆరో ఆసుపత్రి. నిన్న మధ్యాహ్నం రైల్లో తిన్న రెండు అరటిపళ్ళే ఆఖరి భోజనమని ఆయన నోటి నుంచే వచ్చింది.

"ఆకలి మీద రాసిన సీటీకే నాను మందు కలపను. ఆకలి మీద రాసిన ఆర్డరుకి ఈ పిల్ల బతుకెలాగ ఇస్తాను?"

అంబలి వచ్చింది, నంజుకోవడానికి ఉల్లిపాయ వచ్చింది. పెద్ద డాక్టరు కోప్పడుతూనే తాగారు. తాగి, పడక కుర్చీలో వాలి, మరుక్షణం గుర్రు పెట్టారు. భీమశంకరరావు ఏదో అనబోతే జగన్నాధం నోటి మీద వేలేసి చూపించాడు. మెంబరుగారు రెండు గంటలు వరండాలో రోగుల మధ్య గొంతుక్కూర్చున్నారు.

లేచాక నారాయణమూర్తిగారు మొహం కడుక్కుని, ముందు రెండు రోజులూ ఎక్కడున్నావని కన్యాకుమారిని అడిగారు. ఆమె చెప్పింది విని, తను రాసింది తనే చదువుకున్నారు. "కాన్పు సంగతి అడగనేలేదే నేను!" అని కాగితం చింపేశారు. తర్వాత రోగుల పుస్తకం తిరగేశారు. "ఆ రోజు పొద్దున్నే ఈమె పేరు రోగుల్లో రాసి ఉంది. రోగి మంచం మీద పడుకుంటే తప్పేముంది?"

"కంపౌండరుకి రోగం రాసే అధికారం ఎక్కడిదండీ?" అన్నాడు భీమశంకరరావు.

పెద్ద డాక్టరు జగన్నాధం వైపు చూశారు. జగన్నాధం మొదటిసారి గొంతు తగ్గించాడు.

"కలరా వచ్చిన ఏడు బాబూ. మూడ్రోజులు కన్ను ముయ్యనేదు. మోతాదుల గాట్లు కోసిన కాయితం సీసాకి అంటిస్తాం కదా, పూటకో గాటు తాగమని. నిద్దర మందు సీసాకి ఆరు గాట్లెట్టాల, మూడే ఎట్టాను. అసిరయ్యని ఒక రైతు రెట్టింపు తాగేసి రెండ్రోజులు లేవనేదు. సుట్టాలు పాడె కట్టేస్తే లేచి కూకుని, 'ఎవుడు పోయాడ్రా?' అన్నాడు. ఇప్పటికీ ఏడాదికో గుమ్మడికాయ అట్టుకొచ్చి ఆ మందే ఇమ్మంటాడు. ఆడికి నవ్వుగుంటాది. తప్పు నాదని ఇప్పటిదాకా ఎవుడికీ సెప్పనేదు. నా ఉద్దోగం పోతే పోనీండి. ఈ పిల్ల సెయ్యి వణికితే మాత్రం సూది ఇవ్వను."

పెద్ద డాక్టరు పుస్తకంలో కన్యాకుమారి పేరు ఎదుట "గుణం: బాగుంది. పనిలో కొనసాగవచ్చు" అని సంతకం పెట్టారు. "అధికారం లేకుండా రాయడం తప్పే. ఇకమీదట ధర్మారావు చేత సంతకం చేయించి రాయండి," అన్నారు. భీమశంకరరావు వేలు చూసి, తనే కట్టు కట్టి పంపించారు.

అందరూ వెళ్ళాక కన్యాకుమారి పుస్తకం పేజీలు వెనక్కి తిప్పుతూ కూర్చుంది. డాక్టరు పేరుంది, తన పేరుంది, సైన్యానికి పోయిన ముగ్గురి పేర్లూ ఉన్నాయి. జగన్నాధం పేరు ఒక్కచోటా లేదు. డాక్టరుకీ తనకీ పోయగా ఆ చెంబులో ఇతనికి మిగిలిందేమిటో ఆమె ఏనాడూ చూడలేదు. కలం తీసుకుని అతని పేరు రాసింది.

"ఏటే, నాకేటి రోగం!" అని అరిచాడతను.

"కోపం," అని చెబుతూనే రాసింది. "మందు: ఇంటికెళ్ళి అన్నం తిని, పొద్దుపోయేదాకా పడక."

జగన్నాధం పుస్తకం లాక్కుని చదువుకున్నాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, మెట్లు దిగుతూ వెనక్కి తిరిగాడు.

"డాక్టరు సంతకం నేదు, ఈ మందు సెల్లదు!" అని కేకేశాడు.

కేకేసి, నేరుగా ఇంటికి పోయి పడుకున్నాడు.