మంచు గ్రహం మీద మంచె

మంచు విరిగే చప్పుడు కోసం మేం మొదట వెళ్లింది బల్లార్‌పూర్ దారిలో ఉన్న ఒక ఐసు ఫ్యాక్టరీకి. మే నెల. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. లోపల పనివాళ్లు చేపల బండ్లకూ పెళ్లిళ్లకూ పంపాల్సిన దిమ్మలను కొక్కేలతో లాగి వరసగా పెడుతున్నారు. నేను హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక దిమ్మ పక్కన మైకు పట్టుకుని కూర్చున్నాను. నా స్నేహితుడు గునపం దింపాడు. దిమ్మ లోపల ఎక్కడో ఒక గీత పాకింది. చెవిలో అది పెద్ద గోడ చీలినట్టు వినిపించింది.

పనివాళ్లలో ఒకాయన ఎవరి పెళ్లి షూటింగని అడిగాడు. పెళ్లి కాదు, వీడియో గేమ్ అని చెప్పాం. ఆయన తలూపి, పగిలిన దిమ్మ మాత్రం మీరే తీసుకెళ్లాలన్నాడు. గోనెసంచిలో చుట్టి స్కూటర్ మీద పెట్టుకుని వచ్చాం. ఇల్లు చేరేసరికి సగం కరిగిపోయింది. మిగతాది మా వీధివాళ్లు షర్బత్‌లో వేసుకున్నారు.

అప్పటికి నేను చంద్రపూర్‌లో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో పనిచేస్తున్నాను. ఆటోల మీద తిరిగే ప్రచారాలు, భజన మండళ్ల పాటలు, పెళ్లి వీడియోలకు సంగీతం అతికించడం, ఇవీ మా పనులు. స్నేహితుడు నాతోపాటు బడిలో చదివినవాడు. పుణెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చి, మేడ మీది గదిలో ఒక్కడే కూర్చుని ఆ గేమ్ తయారుచేస్తున్నాడు. చప్పుళ్ల పని నాకు అప్పగించాడు. అతనితో నా మాటలన్నీ మరాఠీలోనే. మా చదువు కూడా ఆ భాషలోనే సాగింది. తెలుగు నాకు ఇంట్లోది. చదవడం, రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను. అతని మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

గేమ్ సంగతి చెప్పాలి. చాలా దూరంలో ఒక గ్రహం. మట్టి కనిపించదు, అంతా గడ్డకట్టిన మంచే. మనుషులు అక్కడ వేడి గొట్టాలు పాతుకుని ఒక కాలనీ కట్టుకున్నారు. ఆడేవాడు ఒక సైనికుడు. చేతిలో తుపాకి, ఒంటి మీద వెచ్చని సూటు. సూటులో వేడి తరిగిపోతూ ఉంటుంది. అది పూర్తిగా అయిపోయేలోపు ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టం దాకా పోవాలి. దారిలో మంచు కింద నుంచి జంతువులు లేస్తాయి. వాటిని కాల్చాలి.

మా ఇద్దరిలో మంచు కురవడం చూసినవాళ్లు ఎవరూ లేరు. అతను వీడియోలు చూసి బొమ్మలు గీశాడు. సైనికుడి అడుగుల కోసం నేను గుడ్డ సంచిలో మక్కజొన్న పిండి పోసి పిసికాను. మంచు మీద నడిస్తే అలాగే ఉంటుందని ఎక్కడో విన్నాను. నిజంగా ఉంటుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

జంతువు గొంతు దగ్గర పని ఆగిపోయింది.

"విన్నవాడికి ఇది ఫలానాదని తెలియకూడదు. కానీ ప్రాణమున్నదని మాత్రం తెలియాలి" అనేవాడు స్నేహితుడు.

గేదె అరుపును నెమ్మది చేస్తే బద్ధకపు గేదెలా ఉంది. రేకు షట్టరు దించిన చప్పుడును తిరగేసి వినిపించాను. అతను కళ్లు మూసుకుని విని, "ఇది కోపం వచ్చిన షట్టరు" అన్నాడు. వానాకాలమంతా అలాగే గడిచింది.

సెప్టెంబరులో మా చిన్నమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. ఆమె మా అమ్మకు సొంత చెల్లెలు. వాళ్లది కోర్పనా తాలూకాలో ఒక పల్లె. ఎన్నో తరాలుగా అక్కడే సేద్యం. చిన్నాయన ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు నింపే పనికి పోతాడు. ఆయనకు సాయంత్రం షిఫ్టు పడితే చేను కాపలా చిన్నమ్మదే. సోయా కాయ నిండే రోజులు. అడవి పందులు పొద్దు వాలగానే దిగుతాయి. ఊళ్లో కొందరు కంచెకు కరెంటు పెడతారు. చిన్నమ్మ పెట్టనివ్వలేదు. చేను మధ్యలో నాలుగు గుంజలు పాతి కట్టిన మంచె మీద కూర్చుని అరుస్తుంది, అంతే.

ఆ సాయంత్రం నేనూ మంచె ఎక్కాను. ఇద్దరం ఉడికించిన పల్లికాయ తింటున్నాం. వాగు వైపు సోయా మొక్కలు కదిలాయి. గాలి లేదు. చిన్నమ్మ పొట్టు దులుపుకుని లేచి, కొంగు నడుముకు బిగించి, మంచె గుంజ పట్టుకుని అరిచింది.

ఆ అరుపు నేను చిన్నప్పుడు కూడా విన్నాను. కానీ అంత దగ్గరగా కాదు. కడుపులో లావుగా మొదలై, గొంతులోకి వచ్చేసరికి సన్నబడి, పైకి పోయి, చివర రెండుగా చీలింది. మాట అంటూ ఏదీ లేదు అందులో. నా కాళ్ల కింద మంచె చెక్కలు సన్నగా అదిరాయి. మొక్కల్లో కదలిక వాగు వైపు మళ్లింది.

మరునాడు మైకు తెప్పించుకున్నాను. కోర్పనా బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు స్నేహితుడు.

"గిదేందే బిడ్డా?" అంది చిన్నమ్మ మైకు మీది బొచ్చు తొడుగును తడుముతూ.

"మైకు చిన్నమ్మా. నీ ఒర్రుడు రికార్డు చేసుకుంట."

"నా ఒర్రుడా? దాన్నేం జేస్తవ్?"

"మా దోస్తు ఒక ఆట తయారు చేస్తుండు. అండ్ల ఒక జంతువు ఉంటది. దానికోసం కావాలె."

"జంతువుకోసమే గద నేను ఒర్రేది. పెట్టుకో" అంది.

పగలు అరవమంటే గొంతు రాలేదు. ఊరికే అరవడం సిగ్గుగా ఉందని నవ్వేసింది. సాయంత్రం పందులు వచ్చాక, నేను కింద గట్టు మీద నిలబడి, ఆమె పైనుంచి అరిచినప్పుడల్లా రికార్డు చేసుకున్నాను.

స్టూడియోలో ఆ అరుపును బాగా సాగదీశాను. లావు చేశాను. దాని కింద ఐసు దిమ్మ చీలిన చప్పుడు కలిపాను. స్నేహితుడు చివరిదాకా విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. ఆ వారమే దాన్ని గేమ్‌లో కలిపాడు. జంతువు లేచేటప్పుడు ఒక అరుపు, గుండు తగిలినప్పుడు ఇంకొకటి, పడిపోయేటప్పుడు మరొకటి. మూడూ చిన్నమ్మవే.

డిసెంబరులో చిన్నమ్మ కంటి పరీక్షకు చంద్రపూర్ వచ్చి మా ఇంట్లో దిగింది. ఆసుపత్రిలో ఏవో చుక్కలు వేశారు. సాయంత్రం దాకా చూపు మసకగానే ఉంటుందన్నారు. ఆమె దివాన్ మీద కూర్చుని ఉంటే నేను పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని గేమ్ ఆడుతున్నాను. చప్పుళ్లు ఎక్కడైనా తెగుతున్నాయేమో చూడాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆమెతో మాట్లాడటం కుదరదని స్పీకరు పెట్టాను.

కాసేపటికి చిన్నమ్మ తల నా వైపు తిప్పింది.

"అది నేనే గదనే" అంది.

నేను అవునన్నాను. అంత సాగదీశాక కూడా ఎలా గుర్తుపట్టిందో నాకు అర్థం కాలేదు. అడిగితే, "నా గొంతు నాకు ఎరుకుండదా?" అంది.

"అయితే తుపాకి సప్పుడు ఎందుకొస్తుంది? ఒర్రినంక పోతలేవా?"

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జంతువులు మంచులోంచి లేస్తాయని, సైనికుడు వాటిని కాలుస్తాడని, ఆమె గొంతు జంతువులదని.

చిన్నమ్మ కళ్లు చిట్లించి తెర మీదికి వంగింది. ఆమెకు తెలుపు తప్ప ఏమీ కనిపించి ఉండదు. అప్పుడే ఒక జంతువుకు గుండు తగిలింది. స్పీకరులో అరుపు వచ్చింది.

"అంటే నన్ను కాలుస్తుండా వాడు?"

"నిన్ను కాదు చిన్నమ్మా..."

"నా గొంతే గద. నేను తరిమెటోళ్ల దిక్కు ఉండెదాన్ని. నన్ను తీస్కపోయి పందుల్ల కలిపినవా?"

గట్టిగా అనలేదు. కోపం కూడా కనిపించలేదు. వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. నేను గేమ్ ఆపేశాను. రాత్రి అన్నం తింటూ మా అమ్మతో ఊరి సంగతులు మామూలుగానే మాట్లాడింది. పొద్దున చాయ్ తాగుతూ నాతో అంది: "బిడ్డా, గా గొంతు తీసెయ్యమను. నాకు మంచిగ అనిపిస్తలేదు."

ఈ మాట స్నేహితుడికి చెబితే అతను తల పట్టుకున్నాడు. గేమ్ ముందుభాగం అప్పటికే నెట్‌లో పెట్టేశాడు. ఆడినవాళ్లు అన్నిటికన్నా ఆ అరుపునే మెచ్చుకుంటున్నారు. నేనే ఆమెకు నచ్చజెప్పాలన్నాడు. నావల్ల కాదన్నాను. చివరికి తనే లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

చిన్నమ్మను 'మావశీ' అని పిలిచాడు. మరాఠీలో పిన్నిని అలాగే అంటారు. చిన్నమ్మకు మరాఠీ బాగానే వచ్చు; ఆమె మాటలు కూడా ఇక్కడ మా ఇంటి తెలుగులోనే రాస్తున్నాను. ఆ రోజుకు ఆమె చూపు సరిగానే ఉంది. అతను కింద చాప మీద కూర్చుని గేమ్ మొదటి నుంచీ చూపించాడు. ఆమె మధ్యలో అడ్డురాకుండా మొత్తం చూసింది.

"గీ జంతువులు మనుషుల మీదికి ఎందుకొస్తున్నయ్?" అని అడిగింది.

"వేడి కోసం మావశీ. వాటికి వేడే తిండి. గొట్టాలు పాతాక అటు రావడం మొదలుపెట్టాయి."

"అంటే మా పందుల లెక్కనే. చేను పెట్టినం, వస్తున్నయ్."

"అంతే."

"మరి కాల్చుడెందుకు?"

"అది కాల్చే ఆట మావశీ. తుపాకి లేకపోతే ఎవరూ ఆడరు."

"నీ ఆట నీ ఇష్టం. నేనేం వద్దంటలే. నేను మాత్రం ఇన్నేండ్ల సంది ఒక్కదాన్ని సంపలే. ఒర్రిన, పోయినయ్. మల్ల వస్తే మల్ల ఒర్రిన. నా గొంతు అండ్ల వద్దు."

స్నేహితుడు వాదించలేదు. చాయ్ తాగాడు. సిమెంటు ఫ్యాక్టరీ లోడింగు గురించి, సోయా ధర గురించి ఏదో మాట్లాడి వెళ్లిపోయాడు. తీస్తానని గానీ తీయనని గానీ అనలేదు. చిన్నమ్మ కొత్త కళ్లద్దాలు పెట్టుకుని ఊరికి వెళ్లిపోయింది. నేను స్టూడియోలో నా పని చేసుకున్నాను. కొన్నాళ్లు అతనికి ఫోన్ చేయలేదు, అతనూ చేయలేదు.

ఒక మధ్యాహ్నం అతనే స్టూడియోకి వచ్చాడు. జంతువు గొంతు మారుద్దామన్నాడు.

"ఎవరిది పెడదాం?" అన్నాను.

"నాది. నా గేమ్‌లో నన్ను కాలిస్తే అడిగేవాళ్లు ఉండరు."

గాజు గదిలో నిలబెట్టి మైకు ముందు అరిపించాను. మొదటి అరుపుకే దగ్గు వచ్చింది. బెల్లం, వేడినీళ్లు ఇచ్చాను. మళ్లీ అరిచాడు. పక్క షాపు జిరాక్సు ఆయన పరుగెత్తుకొచ్చి తలుపు కొట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదని చెప్పి పంపించాం. ఆ తర్వాత వారం రోజులు స్నేహితుడు గుసగుసగానే మాట్లాడాడు. ఆ గొంతును నేను ఎంత లావు చేసినా చిన్నమ్మ అరుపులో ఉన్నది రాలేదు. అతనికీ తెలుసు. ఫరవాలేదన్నాడు.

కానీ చిన్నమ్మ గొంతును అతను పూర్తిగా వదల్లేదు. కాలనీ చివర, ఆఖరి వేడి గొట్టం పక్కన, కొత్తగా ఒక ఇనుప మంచె కట్టాడు. దాని మీద సూటు వేసుకున్న ఒక పెద్దావిడను నిలబెట్టాడు. ఆమె చేతిలో తుపాకి లేదు. జంతువులు గొట్టం దగ్గరికి రాగానే ఆమె అరుస్తుంది. సాగదీయని, లావు చేయని అరుపు. సోయా చేలో నేను రికార్డు చేసినది చేసినట్టే. అది వినగానే జంతువులు ఆగుతాయి. కొన్ని వెనక్కి తిరుగుతాయి. కాసేపటికి మళ్లీ వస్తాయి. ఆమె మళ్లీ అరుస్తుంది.

అది పెట్టే ముందు అడుగుదామని ఇద్దరం స్కూటర్ మీద కోర్పనా వెళ్లాం. చిన్నమ్మ చూసింది. చిన్నాయన కూడా పక్కన కూర్చుని చూశాడు.

"ఇంట్ల ఒర్రినట్టే ఉన్నది" అన్నాడాయన.

చిన్నమ్మ ఆయనను పట్టించుకోలేదు. తెర మీది మంచెను కాసేపు చూసి, "నిచ్చెన లేదు. ఎట్ల ఎక్కింది ఆమె?" అంది. నిచ్చెన పెడతానన్నాడు స్నేహితుడు. "అయితే సరే, ఉంచు" అంది. వచ్చేటప్పుడు ఇద్దరికీ చెరో సంచిలో కందిపప్పు కట్టి ఇచ్చింది.

గేమ్ మరుసటి ఏడు బయటికి వచ్చింది. అతను అనుకున్నంతమంది ఆడలేదు. జంతువు దగ్గుతున్నట్టుందని చలిదేశంలో ఎవరో రాశారు. స్నేహితుడు మళ్లీ ఉద్యోగంలో చేరాడు; ఇంటి నుంచే చేస్తున్నాడు. నేను ఆటో ప్రచారాలకు తిరిగి వచ్చాను. ఇంకొకరి గేమ్‌కు చప్పుళ్లు చేయమని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఉద్యోగంలో చేరకముందు నాగపూర్‌లో ఒక కాలేజీ ప్రదర్శనలో అతనికి ఒక బల్ల ఇచ్చారు. సాయానికి నేనూ వెళ్లాను. ఆడటానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది తుపాకి పేలుస్తూ పోయి, ఎక్కడో చచ్చి, హెడ్‌ఫోన్లు తీసి థాంక్స్ చెప్పి వెళ్లారు. మధ్యాహ్నం ఒక అమ్మాయి కూర్చుంది. మెల్లగా ఆడింది. ఆఖరి గొట్టం దాకా వచ్చింది. మంచె మీది పెద్దావిడ అరిచింది. జంతువులు ఆగాయి.

అప్పుడు కాల్చాలి. అమ్మాయి కాల్చలేదు. సైనికుణ్ని నిచ్చెన పక్కకు నడిపించి అక్కడే నిలబెట్టింది. జంతువులు మళ్లీ వచ్చాయి. పైనుంచి అరుపు వచ్చింది. వెనక్కి పోయాయి. గొట్టం పక్కనే ఉండటంతో సైనికుడి సూటులో వేడి నిండుగానే ఉంది.

"ముందుకు వెళ్లాలి" అన్నాడు స్నేహితుడు వెనకనుంచి. "కాల్చి ఆ గేటు దాటితే గేమ్ అయిపోతుంది."

"తెలుసు" అంది అమ్మాయి. "కాసేపు ఉంటాను."

వెనక వరసలో నిలబడ్డవాళ్లు గడియారాలు చూసుకుంటున్నారు. హెడ్‌ఫోన్లు ఆమె చెవులకే ఉన్నాయి గనుక మాకు ఏమీ వినపడటం లేదు. తెర మీద జంతువులు రావడం, ఆగడం, వెనక్కి పోవడం కనిపిస్తోంది. ఆమె చేతులు మీటల మీద కదలకుండా ఉన్నాయి. తర్వాత ఆమె స్నేహితురాలు ఎవరో వచ్చి పిలిస్తే, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నేను వాటిని గుడ్డతో తుడిచి, వరసలో తర్వాత నిలబడ్డ అబ్బాయికి ఇచ్చాను.