షాకబ్జరుకు ప్రార్థన నూనె

ఆ రోజుల్లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన ఆడపిల్లకు ఖమ్మంలో రెండే పనులు దొరికేవి. ఒకటి, ఇంటి ముందు చాప వేసుకుని పిల్లలకు లెక్కలు చెప్పడం. రెండు, "ఆడపిల్లవి, నట్లూ బోల్టులూ నీకెందుకమ్మా" అని అడిగినవాళ్లకు జవాబు చెప్పడం. మొదటిదానికి జీతం తక్కువ, రెండోదానికి అసలే లేదు, అయినా నేను రెండోదాన్నే ఎక్కువ నిష్ఠగా చేశాను. కూరగాయల బండివాడి నుంచి సండే స్కూలు టీచరమ్మ దాకా నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు. ఓడిపోయామని ఒప్పుకున్నవాళ్లూ లేరు, అది వేరే సంగతి. మా అన్న నాకు లాయరమ్మ అని పేరు పెట్టాడు. (లాయర్లు ఫీజు తీసుకుంటారు. నేను ఉచితంగానే వాదించేదాన్ని.) తల నెరిసి, పాలిటెక్నిక్‌లో పిల్లలకు అవే నట్లూ బోల్టుల పాఠం చెబుతూ ఇప్పుడు వెనక్కి చూసుకుంటే, నా నోటివల్ల ఈ లోకానికి జరిగిన మేలు ఒక్కటే కనిపిస్తుంది. అది మేలో కాదో కూడా ఇంకా తేలలేదు.

అప్పుడు మేం ఖానాపురం హవేలిలో, వెనక రేకుల షెడ్డున్న కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న మణుగూరు నుంచి బొగ్గు లారీ నడిపేవాడు. ఒక వానాకాలం అడవి మలుపులో లారీ తిరగబడి, మోసుకొస్తున్న బొగ్గు కిందే పోయాడు. ఎంత కడిగినా ఆయన గోళ్ల సందుల్లో నలుపు పోలేదని అమ్మ నాతో ఒక్కసారి అన్నది, మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ లారీ యజమానిని మేం బొగ్గు దొర అనేవాళ్లం. ఇంటి పెద్ద పోయాడని ఆయన జాలిపడి మా అన్నకు పని ఇచ్చాడు. ఏం పనయ్యా అంటే, నాన్న నడిపిన దారుల్లోనే నాన్నకంటే జోరుగా బండి నడిపే పని. దొరకు డబ్బు ముదిరి ఒక పోటీ కారు కొన్నాడు. తారురోడ్డు మీద కాదు, అడవి మట్టిదారుల్లో దుమ్ము రేపుకుంటూ పరుగెత్తే రేసు కారు. నడిపేది అన్న, విప్పి బిగించేది అన్నా నేనూ, మోకాళ్ల మీద కూర్చుని భయపడేది అమ్మ. పనులు అలా సమంగానే పంచుకున్నాం.

ఆ కారులో నా రాజ్యం షాకబ్జర్లు. (పుస్తకాల్లో డ్యాంపర్ అని ఉంటుంది. ఖమ్మంలో ఏ షాపులోనైనా డ్యాంపర్ కావాలని అడిగి చూడండి, మంచినీళ్లిచ్చి కూర్చోబెడతారు.) చక్రం గుంతలో పడి లేచినప్పుడు స్ప్రింగు కుప్పిగంతులు వేస్తుంది, దాన్ని పట్టుకుని కూర్చోబెట్టేది షాకబ్జరు. గొట్టంలో నూనె, నూనెలో చిల్లులున్న పిస్టను, పిస్టనుకు అద్దంలా మెరిసే రాడ్డు. నూనె ఆ చిల్లుల్లోంచి ఇష్టం లేకుండా ఈడ్చుకుంటూ దూరుతుంది కాబట్టే కారు ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తుంది. (ఇష్టం లేకుండా పనిచేసేవాళ్ల వల్లే లోకం నిలకడగా ఉందని నాకప్పుడే తెలిసిపోయింది.) రాడ్డు చుట్టూ నూనెను పట్టి ఉంచే రబ్బరు సీలు దెబ్బతిని నూనె కారిపోతే చక్రం నేలను వదిలేస్తుంది. మలుపులో వదిలేస్తే ఇక చెప్పేదేమీ ఉండదు. పెద్ద ఊళ్లలో వీటిని పరీక్షించడానికి మిషన్లుండేవట. మా షెడ్డులో దూలానికి ఒక కొక్కెం, కొక్కేనికి షాకబ్జరు, దాని రాడ్డుకు బొగ్గు బస్తా. బస్తా ఎంత నిదానంగా దిగుతుందో గడియారం పట్టుకుని చూసేదాన్ని. జతలో రెండూ ఒకేలా దిగాలి, ఒకటి తొందరపడిందంటే దానికి రోగమున్నట్టు. ఆ తరువాత మణుగూరు అవతల మట్టిదారిలో కారును పరుగెత్తించి, ఆగగానే కిందికి దూరి నాలుగింటి మీదా అరచెయ్యి పెట్టేదాన్ని. పనిచేసిన షాకబ్జరు కాలుతుంది, పనిచేయనిది తాపీగా ఉంటుంది. "సల్లగుంటే సచ్చినట్టే" అనేవాడు అన్న. ఇంట్లో ఆ మాట వినపడినప్పుడల్లా అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయేది.

ఆ పరుగుల్లోనే ఒకసారి అడవి పల్లె దగ్గర ఒక అవ్వ, తలమీద విస్తరాకుల మోపుతో దారికి అడ్డంగా నిలబడింది. అన్న బ్రేకేశాడు. ఆమె కిటికీలోంచి వెనక సీటు ఉండాల్సిన చోటు చూసి, దవాఖానకు ఎవరిని తీసుకుపోతున్నారని అడిగింది. ఎవరినీ లేదన్నాం. "మరింత జల్దీ ఏంది బిడ్డా?" అన్నది. ఆ పల్లెకు బండి అంత వేగంగా వచ్చేది ఎవరో ఒకరు పోయే ముందేనట. నా జీవితంలో జవాబు దొరకని ప్రశ్నల్లో అది మొదటిది.

పోటీ దగ్గరపడుతుండగా ఒక పీడ పట్టుకుంది. తెల్లారి షెడ్డు తెరిస్తే వెనక ఎడమ రాడ్డు మీద జిడ్డు. రాడ్డు మీద జిడ్డంటే సీలు కారుతున్నట్టే. విప్పాం, సీలు మార్చాం, బొగ్గు బస్తా వేలాడదీశాం, బుద్ధిగా దిగింది. మర్నాడు రెండింటి మీద జిడ్డు. ఆ తరువాత నాలుగింటి మీదా. నువ్వు తెచ్చినవి దొంగ సీళ్లని నేను, నువ్వు బిగించిందే వంకరని అన్న. ఆ వారం మేం తిట్టుకున్న తిట్లు గోడవతల పాస్టరయ్య ఇంటికి కూడా వినిపించి, ఆదివారం ప్రసంగం నాలుకను అదుపులో పెట్టుకోవడం మీద నడిచింది. (నా వైపు చూసే చెప్పాడు.) చివరికి చలి ముదిరిన ఒక ఉదయం చూస్తే, రాడ్డు మీది జిడ్డు తెల్లగా పేరుకుని ఉంది. షాకబ్జరు నూనె ఎంత చలికైనా పేరుకోదు. వేలితో గీకి వాసన చూశాను. మా తలలకు రాసుకునే కొబ్బరి నూనె.

అమ్మ దాచలేదు. ఆదివారం కూడికలో పాస్టరయ్య చేత ప్రార్థన చేయించిన నూనె అది. రోజూ తెల్లవారుజామున తన ప్రార్థన కాగానే షెడ్డులోకి వెళ్లి, జ్వరమొచ్చిన పిల్లల నుదుటికి రాసినట్టు రాస్తోందట. అంత పెద్ద కారులో షాకబ్జర్లకే ఎందుకని అడిగితే, మీరిద్దరూ పొద్దస్తమానం కొట్లాడేది వాటి గురించే కదా అన్నది. అన్న పడీ పడీ నవ్వాడు. నేను నవ్వలేదు. నీ నూనెకు దుమ్ము అంటుకుని, దుమ్ము సీలును కోసి, సీలు కారి, నీ కొడుకు చెట్టుకు గుద్దుకుంటాడని ఆమె మొహం మీదే అన్నాను. (ఇంజనీరింగ్ ప్రకారం అందులో ఒక్క మాట తప్పు లేదు. ఆ మాట భర్తను మలుపులో పోగొట్టుకున్న మనిషితో అంటున్నానన్న ఆలోచన ఇంజనీరింగ్‌లో చెప్పలేదు.) అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, "మరి దానికి ఏ నూనె పడుద్ది?" అని అడిగింది. ఇంట్లో అంతకుముందు నన్ను పాఠం అడిగినవాళ్లు లేరు. షెల్ఫు మీది ఎర్ర డబ్బా దించి చూపించి, దేని నూనె దానికే పడుతుందని ఓపిగ్గా విడమరిచి చెప్పాను. అమ్మ మంచి విద్యార్థిలా తలూపింది.

పోటీ మణుగూరు దగ్గర అడవి దారుల్లో. బండ్లన్నీ ముందు రోజే ఒక బడి ఆవరణలో చేరాయి. అమ్మ మాకు అన్నం క్యారేజీలు పట్టుకుని వచ్చి, ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది. మా తరువాతి నంబరు ఒక విజయవాడ అబ్బాయిది. నిద్రలో తప్ప నల్లకళ్లద్దాలు తీయడు కాబట్టి గాగుల్స్ అన్నాం. గాలి పంపు అడగడానికి వచ్చి, అమ్మ పెట్టిన పప్పూ ఆవకాయా కలుపుకుని రెండుసార్లు వడ్డించుకున్నాడు. అన్న కొబ్బరి నూనె కథ అప్పటికే ఆవరణంతా చాటాడు. చెయ్యి కడుక్కుంటూ ఆ అబ్బాయి, "అమ్మా, రేపు మా కారుకి కూడా కాస్త రాయండి" అన్నాడు. అందరం నవ్వాం. అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తెల్లారి బయలుదేరే ముందు చిన్న పరుగు తీసి వచ్చాక కారు కిందికి దూరాను. వెనక ఎడమ రాడ్డు మీద జిడ్డు. వాసన చూశాను. కొబ్బరి కాదు. ముక్కుకు బాగా తెలిసిన చిరుచేదు వాసన, ఎర్ర డబ్బా వాసన. విప్పి చూడటానికి పూట పడుతుంది, దొర స్పేర్లు కొనలేదు. బండి ఆపమన్నాను. అన్న ఒప్పుకోలేదు. "చెయ్యి పెట్టి చూడే, నాలుగూ కాలుతున్నయ్. ఏది సచ్చిందో చెప్పు" అన్నాడు. కారడం మొదలైనప్పుడు వేడిగానే ఉంటుంది, నూనె అయిపోయాకే చల్లబడుతుంది, అప్పటికి నువ్వు మలుపులో ఉంటావన్నాను. అన్న హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ గొంతు తగ్గించాడు. "ఇయ్యాల నడపకపోతే దొర మళ్ల నాకు స్టీరింగ్ ఇయ్యడు. ఇది తప్ప నాకేం రాదు చెల్లె."

చెల్లె అన్నాడు, లాయరమ్మ అనలేదు. అయినా నేను ఊరుకోలేదు. ఊరుకోవడం నాకు చేతకాదు. ఆవరణ మధ్యలో నిలబడి, బండ్లు తనిఖీ చేసే పెద్దమనిషికి వినపడేలా, నూనె కారే బండిని అడవిలోకి పంపుతారా, రేపు శవాన్ని మీరు మోస్తారా, మా అమ్మ మోస్తుందా అని అడిగాను. ఆయన వచ్చి తెల్ల చేతిరుమాలుతో రాడ్డు తుడిచి, మరక చూసి, మా నంబరు కొట్టేశాడు. బొగ్గు దొర మొహం ఆయన బొగ్గుకంటే నల్లబడింది. అన్న హెల్మెట్ తీసి బానెట్ మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా గేటు దాటి వెళ్లిపోయాడు. అమ్మ క్యారేజీ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

మధ్యాహ్నం కబురు వచ్చింది. గాగుల్స్ కారు ఒక మలుపులో దారి తప్పి టేకు చెట్టుకు కొట్టుకుంది. అబ్బాయి అక్కడికక్కడే పోయాడు.

మర్నాడు మా షెడ్డులో, దొర కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తుండగా, ఆ షాకబ్జరు విప్పాను. నూనె కొలత ప్రకారం ఉంది. సీలు కొత్త పెళ్లికూతురిలా ఉంది. ఎక్కడా ఒక గీత లేదు. కొక్కేనికి బిగించి బొగ్గు బస్తా వేలాడదీస్తే, నన్ను వెక్కిరిస్తున్నంత నిదానంగా దిగింది. "మంచి బండిని ఆపినవ్ బిడ్డా. నోరు కాదది" అని దొర లేచాడు. సాయంత్రానికి కారు వెళ్లిపోయింది, దాంతో పాటు అన్న స్టీరింగూ. అన్న నాతో మాట్లాడటం మానేశాడు.

ఆ వారంలోనే అమ్మ బైబిలు పక్కన ఒక చిన్న మందుసీసా కనిపించింది. మూత తీసి వాసన చూశాను. ఎర్ర డబ్బా. అమ్మ వాకిట్లో చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతోంది. సీసా ముందు పెట్టాను. ఆమె తలెత్తలేదు.

"నువ్వే గదా చెప్పినవ్ బిడ్డా, దేని నూనె దానికే పడుద్దని. అందుకే ఆ డబ్బాలోదే కొంచెం తీసుకపోయి పాస్టరయ్యతోటి ప్రార్థన చేపిచ్చిన."

"అది చూస్తే నేను లీకనుకుంట. బండి పోనియ్య. గా సంగతి నీకు తెల్వదా?"

అమ్మ ఒక రాయి తీసి అవతల పడేసింది. "నీ నోరు నాకు తెల్వదా. కన్నదాన్ని."

తెలిసే రాశానన్నట్టా కాదన్నట్టా, ఇన్నేళ్లుగా ఆ జవాబును విప్పి బిగిస్తూనే ఉన్నాను. అప్పుడు అడుగుదామని నోరు తెరిచాను. ఆమె చెయ్యి చేటలో ఆగిపోయింది. "ఆ పిలగాడు గూడ అడిగిండు. నవ్వులాటకు అనుకున్న. రాయలే."

నేను వాదించలేదు. రాసినా ఆ చావు ఆగేది కాదమ్మా అని చెప్పడానికి ఇంజనీరింగ్ చదివిన నోరు రాలేదు. ఆ తరువాత అమ్మ దేనికీ నూనె రాయలేదు. బతికినన్నాళ్లూ ఆమె ప్రార్థనలో మా ఇద్దరి పేర్ల తరువాత, పేరు తెలియని ఆ విజయవాడ తల్లి ఉండేది.

అన్న ఇప్పుడు కల్లూరులో స్కూలు బస్సు నడుపుతున్నాడు. పొట్ట స్టీరింగుకు తగులుతుంది. క్రిస్మస్‌కు అందరం చేరినప్పుడల్లా పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, మీ అత్త నోరు లేకపోతే నేనెక్కడో ఉండేవాణ్ణని చెబుతాడు. నిజమే, ఎక్కడో ఉండేవాడు. సీసా సంగతి నేను చెప్పలేదు. అమ్మ మీద కోపం ఆయన మోయలేడు, నా మీద కోపమైతే అలవాటే. (ఆయన బస్సు వెనక రాసిన పేరు తప్ప ఏదీ చదవడు కాబట్టి ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను.) ఊళ్లో నాకు దక్కిన పేరంతా వాదించి గెలిచింది, ఈ ఒక్క కేసు మాత్రం ఏటా ఓడిపోతాను, పిల్లలందరి ముందూ.

బడి పిల్లల్ని ఖమ్మం తీసుకొచ్చిన రోజున మా గేటు ముందు బస్సు ఆపి టీ తాగిపోతాడు. ఆయన లోపలికి వెళ్లగానే నేను వంగి, మోకాళ్లు తిడుతున్నా వినకుండా, చక్రాల వెనక చెయ్యి పెట్టి చూస్తాను. ఒకసారి పట్టుబడ్డాను.

"ఏందే లాయరమ్మా, బండి కింద ఏం ఎతుకుతున్నవ్?"

"ఏం లేదన్నా" అన్నాను. అంత పొట్టి జవాబు నా నోటి నుంచి విని ఆయన గ్లాసు పట్టుకుని కాసేపు నా వంకే చూశాడు. నాలుగూ వేడిగానే ఉన్నాయి.