తర్వాత అతకవచ్చనుకున్నాను

సిరిసిల్లలో నేను వైపని చేస్తాను. సాంచె, అంటే మరమగ్గం మీద నూలు చుట్టిన పాత బీము అయిపోవస్తే, దాని పోగులకు కొత్త బీము పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకడం నా పని. బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగిలిన చదువంతా గ్రంథాలయంలో నాకు నేనుగా సంపాదించుకున్నది. ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం.

మా అక్క కోరుట్లలో బీడీలు చేస్తుంది. చెయ్యి ఆడితేనే ఆమెకు పూట గడిచేది. ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలిన నెలలో, ఆ జబ్బు మీద దొరికినవన్నీ చదివాను. ఒక ఆరోగ్య పత్రికలో ఇలా ఉంది: చంకలోని శోషరస గ్రంథులు తీసేస్తే చేతిలోని ద్రవానికి దారి పోయి చెయ్యి ఉబ్బవచ్చు. అందుకని కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో, గ్రంథులు తీసేటప్పుడే, తెగిన సన్నటి నాళాలను సూక్ష్మదర్శినిలో చూస్తూ పక్కనున్న సిరలకు కుడతారట. చదివి మురిసిపోయాను. ఇది మా వైపనే కదా అనుకున్నాను.

ఆ మురిపెంలోనే తప్పు చేశాను. మా దగ్గర తెగిన పోగు ఎక్కడికీ పోదు. సాంచె ఆపి, చాయ తాగి వచ్చి అతికినా అతుకుతుంది. ముందు గడ్డ పోనీ, ఈ సంగతి తర్వాత అడుగుదామనుకున్నాను. ‘తీసేటప్పుడే’ అన్న మాట చదివి కూడా దాటేశాను. ఆపరేషన్‌కు ముందు పట్నంలో డాక్టరు, చంకలో గ్రంథులు కూడా తీస్తామని చెప్పి “ఏమైనా అడిగేది ఉందా?” అంటే, “ఏం లేదు సార్” అన్నది నేనే.

ఏడాది తిరగకముందే అక్క కుడిచెయ్యి బరువెక్కింది. గాజులు పగలగొట్టి తీయాల్సి వచ్చింది. జగిత్యాలలో డాక్టరుకు చూపించి, ఆ అతుకు గురించి అడిగాను.

“అది ఆ ఆపరేషన్‌లోనే చేయాల్సింది. చేసినా వాపు రాదని ఎవరూ రాసివ్వరు. కానీ ఒకసారి అడగాల్సింది,” అన్నాడు. ఇప్పటికి రోజూ కట్టు కట్టుకొమ్మని, చేతికి వ్యాయామం చేయమని చెప్పాడు.

కోరుట్ల బస్సులో అక్క అడిగింది:

“లైబ్రరీ డాక్టరూ, గా ముచ్చట నీకు ముందుగాల్నే తెలుసా?”

“తెలుసక్కా.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“తర్వాత అతకచ్చనుకున్న.”

అక్క నవ్వింది. “నేనేమన్న సాంచెనా తమ్మీ, ఆపి మల్ల నడిపియ్యనీకి?”

తిట్టి ఉంటే బాగుండేది.

ప్రతి ఆదివారం కోరుట్లకు పోతాను. మిగతా రోజులు తానే ఎడమచేత్తో కట్టు చుట్టుకుంటుంది, సరిగ్గా రాదు. నేను వేళ్ల దగ్గర బిగువుగా మొదలుపెట్టి భుజం దాకా చుడతాను; అక్కడ వదులైతే వాపు వేళ్లలోకి దిగుతుందని డాక్టరు చెప్పాడు. పోగులు అతికిన చేతులు కాబట్టి ముడత పడనివ్వను. నిన్న కూడా చుడుతుంటే అంది:

“వేళ్లకాడ జర వదులుగ కట్టురా. ఆకు పట్టరాదు.”

అక్క బీడీలు చుట్టే తునికాకు ముట్టి నాలుగు నెలలైంది. ఆమె బీడీల చాట గోడకు తగిలించి ఉంది. అటు చూడకుండా వేళ్లకాడి కట్టు విప్పి, మళ్లీ అంతే బిగువుగా చుట్టాను.