జనార్దనరావు మజిలీలు

జనార్దనరావు పాతికేళ్లపాటు ఆరునెలల కాంట్రాక్టుల మీద బతికాడు. సిడ్నీ, మెల్‌బోర్న్, అడిలైడ్, చివరికి కాన్‌బెర్రా. పదకొండు అద్దె ఇళ్లు మారాక ఆ ఊళ్లోనే గంగాలిన్‌లో సొంత ఇల్లు కొన్నాడు. రిటైరైనప్పుడు తెలుగు సంఘం వాళ్లు శాలువా కప్పి, ఇకనైనా ప్రశాంతంగా ఉండమని దీవించారు. ఇలా దీవించేవాళ్లు ఒక్క మధ్యాహ్నమైనా పని లేకుండా కూర్చుని చూసిన పాపాన పోరు. మూడో నెలకల్లా ఆ ఇల్లు ఆయనకి బస్టాండులా అనిపించసాగింది. బస్సు మాత్రం ఎంతకీ రాదు.

అందుకని ఇల్లు అమ్మేసి, మోటర్‌హోమ్ కొనుక్కుని, దేశం మీద పడదామన్నాడు. ఈ దేశంలో అలా చక్రాల మీద కాపురం పెట్టిన పెద్దవాళ్లు వేలల్లో ఉన్నారు. స్వేచ్ఛ గురించి వాళ్లు చాలా మాట్లాడతారు. నిజానికి సాయంత్రం నాలుగయ్యేసరికి అందరికీ ఒకటే బెంగ, ఈ రాత్రికి బండి ఎక్కడ ఆపాలి అని.

భార్య శ్యామసుందరి వాదించలేదు, ఒక షరతు పెట్టింది. ఆవిడ పద్నాలుగేళ్లు వృద్ధుల ఆశ్రమంలో నైట్ డ్యూటీ చేసింది.

"పద్నాలుగేళ్లు ఊళ్లోవాళ్ల నిద్రకి కాపలా కాశానండీ. ఇప్పుడు నా నిద్ర నాకు కావాలి. ముందు బండి అద్దెకి తీసుకోండి. బ్రిస్బేన్‌లో మనమ్మాయి సింధుజ దగ్గరికి ఐదు రాత్రుల్లో వెళదాం. ఐదింట్లో మూడు రాత్రులు నాకు నిద్ర పడితే ఇల్లు అమ్ముకోండి. లేకపోతే ఈ ఊసు మళ్లీ ఎత్తకూడదు."

ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు కాగితాలు సిద్ధం చేసి, సంతకం కోసం సోమవారం దాకా ఆగుతానన్నాడు.

మూడంటే మూడు రాత్రులు. జనార్దనరావుకి అది సులువైన ప్రాజెక్టులా కనిపించింది. కంప్యూటర్ ముందు కూర్చుని హ్యూమ్ హైవే, పసిఫిక్ హైవే పొడుగునా ఇలాంటి బండ్లు రాత్రికి ఆపుకునే కారవాన్ పార్కులన్నీ ఒక పట్టికలోకి ఎక్కించాడు. హైవే నుంచి ఎంత దూరం, డీజిల్ బంకు ఎంత దగ్గర, టాయిలెట్లు ఎన్ని, జనం ఎన్ని నక్షత్రాలు ఇచ్చారు, అన్నిటికీ గళ్లు పెట్టాడు.

శ్యామసుందరి కళ్లజోడు పెట్టుకుని చూసింది. "అన్నీ బాగున్నాయి. నిద్రకి కాలమ్ ఏదీ?"

"అది రేటింగ్‌లో కలిసే ఉంటుందిలే."

మొదటి రాత్రి మిట్టగాంగ్ దగ్గర, హైవేకి ఆనుకుని ఉన్న పార్కులో ఆగారు. జనార్దనరావు పుట్టి పెరిగిన ఇల్లు ఏలూరులో మెయిన్ రోడ్డు మీద ఉండేది. ప్రయాణంలో రాత్రి పడితే లారీలు ఆగిన చోటే ఆగాలని, వెలుతురూ జనమూ ఉన్న చోట భయం ఉండదని ఆయన చిన్నప్పుడే ఒంటబట్టించుకున్నాడు. సముద్రాలు దాటినా ఆ లెక్క మార్చుకోలేదు. రిసెప్షన్‌లో అడిగి మరీ టాయిలెట్ల పక్క సైటు తీసుకున్నాడు. రాత్రిపూట ఆవిడ లేవాల్సి వస్తే నాలుగడుగుల్లో ఉండాలని ఆయన ఉద్దేశం.

పొద్దున్న శ్యామసుందరి కాఫీ గ్లాసు పట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఆ టాయిలెట్ తలుపు తొంభైసార్లు కొట్టుకుంది. నేను లెక్కపెట్టాను. ఆ దీపం తిన్నగా నా మొహం మీదే. ఇక లారీలంటారా, డౌను రాగానే దడదడమంటూ ఇంజిన్ బ్రేకు వేస్తున్నారు. ఒక్కొక్కటీ నా తలగడలోంచే వెళ్లింది."

"నాకు ఒక్కటీ వినపడలేదే."

"మీకెందుకు వినపడుతుంది? పడుకోగానే గురక. దాని సంగతి వేరే కాలమ్‌లో రాసుకోండి."

పక్క కారవాన్‌లోంచి కెన్ అనే ముసలాయన హవాయి చెప్పులతో వచ్చాడు, పలకరించిపోదామని. "టాయిలెట్ల పక్క సైటు మీరే కోరి తీసుకున్నారట కదా? ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాను మేట్, అడిగి తీసుకున్నవాణ్ణి చూడటం ఇదే మొదలు" అన్నాడు. అందులో వెటకారం లేదు, వట్టి ఆశ్చర్యం. అందుకే జనార్దనరావుకి ఎక్కువ గుచ్చుకుంది.

రెండో రోజు పట్టిక సవరించాడు. టాయిలెట్లకి దూరం. హైవే మాత్రం అలాగే ఉంచాడు, పొద్దున్నే తొందరగా బయల్దేరవచ్చని. సిడ్నీ దాటుతున్నంతసేపూ, తర్వాత న్యూకాజిల్ దాకా, ఆయన ఎక్కడా కుదురుగా లేడు. మధ్యాహ్నం మూడింటికి ఒక పార్కులో బండి ఆపి, చెట్లు బాగా లేవని మళ్లీ రోడ్డెక్కించాడు. ఇంకోచోట అంతా బాగానే ఉంది, కానీ ముందు రాబోయేది ఇంతకంటే బాగుంటే? అదీ వదిలేశాడు. చివరికి రేమండ్ టెర్రస్ దగ్గర, చీకటి పడే వేళకి, మిగిలినదేదో దాన్ని తీసుకున్నాడు. అది హైవేకి ఒక కంచె అవతల ఉంది.

మర్నాడు ఆవిడ ఫిర్యాదు కూడా చేయలేదు. "రెండు పోయాయి" అని ఊరుకుంది.

ఆయన లెక్కేసుకున్నాడు. ఇక మిగిలిన మూడూ వరసగా కలిసిరావాలి. స్టీరింగ్ ముందు కూర్చుని ఫోన్‌లో పట్టిక పైకీ కిందికీ తోస్తూ ఉంటే శ్యామసుందరి చెయ్యి చాపింది.

"ఇటివ్వండి."

"నక్షత్రాలు చూసి—"

"నక్షత్రాలు నాకొద్దు. మనిషితో మాట్లాడతాను."

మ్యాప్‌లో వెతికి నాలుగు పార్కులకి ఫోన్ చేసింది. ఆశ్రమంలో డ్యూటీ అప్పగించేటప్పుడు అడిగినట్టే అడిగింది. నిన్న రాత్రి మీరు పడుకున్న చోట ఏం వినిపించింది? రైలు ఎన్ని గంటలకి వెళుతుంది? కోడిపుంజు ఉందా? మొదటి మూడు చోట్లా చాలా ప్రశాంతమండీ అన్నారు. అది బ్రోషర్లో మాటేనని ఆవిడ ఫోన్ పెట్టేసింది. నాలుగోచోట ఫోనెత్తిన స్త్రీ కాసేపు ఆలోచించి, "కప్పలు. నాలుగింటికి ఒక పక్షి. అంతే" అంది.

"అక్కడికి పోనివ్వండి" అంది శ్యామసుందరి.

కెంప్సీ దాటాక హైవే దిగి పద్నాలుగు కిలోమీటర్లు లోపలికి, నది ఒడ్డున. డీజిల్ బంకు లేదు, రేటింగ్ ఇచ్చినవాళ్లు ఆరుగురే. జనార్దనరావు పట్టికలో ఆ పార్కు అసలు లేదు. ఆవిడ పార్కులో అందరూ వాడుకునే క్యాంప్ కిచెన్‌లో పప్పుకి పోపు పెట్టింది, ఇంగువ వాసనకి ఎవరూ మొహం తిప్పుకోలేదు. తొమ్మిదింటికి పడుకుంది.

లేచేసరికి ఎనిమిదిన్నర.

"ఒకటి" అంది, ఒళ్లు విరుచుకుంటూ. తర్వాత ఆయన వైపు చూసింది. "మీకేమైంది?"

ఆయనకి ఒక్క క్షణం కూడా కన్ను అంటుకోలేదు. నిశ్శబ్దం చెవుల్లో హోరుమంది. ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు. ఆ నల్లటి నది కూడా నిలబడిపోయినట్టే ఉంది. ఇవన్నీ చెప్పలేక, "పరుపు గట్టిగా ఉంది" అన్నాడు.

"నేనిక్కడే మిగతా రెండు రాత్రులూ ఉంటాను. మీకూ మంచిదే కదా? ఇల్లు అమ్ముడుపోతుంది."

నిజమే. గెలుస్తున్నది తనే. కాళ్లు మాత్రం నిలవడం లేదు. నాలుగో రోజు నది ఒడ్డున అటూ ఇటూ పదకొండుసార్లు నడిచాడు. ఆ రాత్రీ నిద్ర లేదు. ఐదో రోజు మధ్యాహ్నం, డీజిల్ పోయించుకొస్తానని బండి తీసుకుని హైవే మీది సర్వీస్ సెంటర్‌కి, లారీలు ఆగే పెద్ద బంకుకి వెళ్లాడు. శ్యామసుందరి ఒడ్డున కుర్చీ వేసుకుని, వెళ్లి రమ్మంది.

వెళ్లి డీజిల్ పోయించుకు రావడానికి గంట చాలు. మూడు గంటలైనా రాకపోయేసరికి ఆవిడ ఫోన్ చేసింది. ఏడోసారికి ఎత్తాడు.

"ఎక్కడున్నారు?"

"ఇక్కడే. సర్వీస్ సెంటర్‌లో."

"గొంతేమిటి అలా ఉంది? ఒంట్లో బాగాలేదా?"

"లేదు. నిద్రపోయాను."

ఫోన్లోంచి ఇంజిన్ బ్రేకు మోత వినిపించింది, దాని వెనకాలే ఇంకొకటి.

"లారీల మధ్యా?"

"రెండు లారీల మధ్య. బ్రహ్మాండంగా పట్టింది."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది, చాలాసేపు నవ్వింది. ఆయనకి నవ్వు రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పద్నాలుగు కిలోమీటర్లూ ఎడ్లబండి తోలినట్టు తోలాడు. ఏ స్వేచ్ఛ కోసం ఇల్లు అమ్ముదామనుకున్నాడో అది రాత్రయ్యేసరికి ఇలాంటి నదుల పక్కనే ఆగుతుంది. దాన్ని తను భరించలేడు. పగలు తిరగడానికి ఇల్లు అమ్మనక్కర్లేదు.

ఆరో రోజు పొద్దున శ్యామసుందరి తొమ్మిదింటికి లేచింది. జడ వేసుకుంటూ, "మూడు" అంది. "నేను మాట నిలబెట్టుకున్నాను. ఏజెంటుకి ఫోన్ చేసుకోండి."

ఆయన ఫోన్ జేబులోంచి తీసి మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

"ఏమండీ, మిమ్మల్నే. గిన్నెలు కూడా మనసులోనే పంచేశాను నేను. ఇడ్లీ కుక్కరు ఒక్కటి ఉంచుకుందాం."

"అమ్మొద్దు శ్యామా."

జడ సగంలో ఆగింది. "ఎవరి కోసం పడ్డానండీ ఆ మొదటి రెండు రాత్రుల జాగారం?"

"నా కోసమే. తప్పు నాదే. ఇలాంటి చోట నేను నెల తిరిగేలోగా పిచ్చెక్కిపోతాను. నువ్వు హైవే పక్కన పదిరోజుల్లో మంచాన పడతావు. మనిద్దరికీ పనికొచ్చే మజిలీ ఈ దేశంలో లేదు."

"ఉంది. గంగాలిన్‌లో. వేరే వేరే గదులు" అంది ఆవిడ. కోపంగానే అంది. జడ పూర్తిచేసింది. తర్వాత చెప్పులు తొడుక్కుని రిసెప్షన్ వైపు నడిచింది.

ఆయన ఏజెంటుకి ఫోన్ చేసి కాగితాలు చించేయమన్నాడు. ఆ కుర్రాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. ఫోన్ పెట్టేశాక సింధుజకి చేశాడు.

"నాన్నా, ఈవెనింగ్‌కల్లా వచ్చేస్తారుగా? డిన్నర్ ఇక్కడ మా ఇంటి దగ్గరే, సన్నీబ్యాంక్‌లో, టేబుల్ బుక్ చేశా."

ఆయన జవాబు చెప్పేలోగా శ్యామసుందరి తిరిగొచ్చింది. చేతిలో తాళంచెవి ఉంది.

"మీరొక్కరే వస్తున్నారని చెప్పండి దానికి. నేను ఇక్కడే ఒక క్యాబిన్ అద్దెకి తీసుకున్నాను, వారం రోజులు. వచ్చే ఆదివారం రైలెక్కి వస్తాను. బియ్యం, కుక్కరు దించేసి వెళ్లండి."

ఆయన బియ్యం సంచి భుజాన వేసుకుని క్యాబిన్ మెట్లెక్కాడు. కుక్కరు ఆవిడే తెచ్చుకుంది.