భాగ్యమ్మ ఆంటీ సిరామిక్ రాడ్

2023 చలికాలం. ఆక్లండ్‌లో శాండ్రింగ్‌హామ్ రోడ్డు మీదున్న చాలా ఇండియన్ రెస్టారెంట్లకు కత్తులు సానబెట్టేది నేనే. ఇన్వర్‌కార్గిల్‌లో నేను చదివిన చదువుకూ ఈ పనికీ సంబంధం లేదు, ఆ సంగతి వదిలేయండి. పదిహేను రోజులకోసారి వ్యాన్‌లో మెషిన్ వేసుకెళ్లి పదును పెడతాను. మధ్యలో ఆ పదును నిలబడాలని ప్రతి కిచెన్‌కీ ఒక సిరామిక్ రాడ్ ఇస్తాను. మూరెడు పొడవుండే తెల్లటి కడ్డీ అది. రోజూ కత్తి అంచును దాని మీద కాసిన్నిసార్లు లాగితే చాలు.

రియాజ్ భాయ్ రెస్టారెంట్‌లో మటన్, ఉల్లిపాయలు కోసేది భాగ్యమ్మ ఆంటీ. నల్లగొండ ఆవిడ, అరవైకి దగ్గరపడింది. ఆ నెల కత్తి జారి రెండుసార్లు వేలు తెగింది. నేను పదును పెట్టిన మూడో రోజుకే కత్తి మొద్దుబారుతోందని రియాజ్ భాయ్ ఫోన్ చేశాడు. వెళ్లి మళ్లీ పెట్టాను. మూడు రోజులకు మళ్లీ ఫోన్. నాకు పేరు పోతుందేమోనని భయం పట్టుకుంది.

"నా పనిలో తేడా లేదు భాయ్. ఆంటీ చేతిలో పట్టు తగ్గినట్టుంది, కత్తిని అదిమేస్తోంది" అనేశాను. ఆవిడ కోస్తుంటే చూడకుండానే అన్నాను.

మర్నాడే ఆయన ఆవిడను గిన్నెలు కడిగే సింక్ దగ్గరికి మార్చాడు. వారాఖరుకు పనే మాన్పిస్తానన్నాడట. అది తెలిసిన దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. అన్నం తింటున్నా అదే, డ్రైవ్ చేస్తున్నా అదే. శుక్రవారం పొద్దున్నే వేరే ఆర్డర్ సగంలో వదిలేసి అక్కడికే పోయాను.

"ఆంటీ, రోజూ రాడ్ మీద కత్తి ఎలా లాగుతారో ఒక్కసారి చూపించండి."

చేతులు తుడుచుకుని వచ్చి లాగింది. వంపు సరిగ్గా ఉంది, చెయ్యి తేలిగ్గా ఆడుతోంది. చప్పుడే లేదు. సిరామిక్ మీద ఉక్కు కదిలితే సన్నగా గరగరమనాలి. రాడ్ పట్టుకు చూస్తే వేళ్లు జారాయి. దాని నిండా నల్లటి జిడ్డు.

"దీనికేం రాశారు?"

"నూనె బిడ్డా. ఈ ఊరి వానకు ఇనుమంత తుప్పు పడుతున్నది. ఇంట్ల కత్తిపీటకు రాసినట్టే, పని అయినంక దినాం రాస్తున్న."

సిరామిక్‌కు తుప్పు పట్టదు, అది పింగాణీ జాతి. నూనెలో ఉక్కుపొడి కలిసి గరుకంతా పూడుకుపోయింది. అందుకే కత్తికి పదును ఎక్కడం లేదు. రాడ్ ఇచ్చిన రోజే ఆ ముక్క చెప్పాల్సింది నేను, చెప్పలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. గిన్నెలు తోమే పౌడర్‌తో రాడ్ తెల్లబడేదాకా రుద్ది, రియాజ్ భాయ్‌ని పిలిచి జరిగింది చెప్పాను.

"మొన్న చెయ్యి అన్నవ్, ఇయ్యాల రాడ్ అంటున్నవ్. ఏది నమ్మాలె?"

"నన్ను నమ్మకండి భాయ్. ఆంటీ చేతికి కత్తి ఇవ్వండి."

ఆవిడ అదే మొద్దు కత్తిని రాడ్ మీద ఓ ఇరవైసార్లు లాగి, పండిన టమాటాను కాగితమంత పల్చగా కోసింది. ఆయన ఆ ముక్కలు చూసి, "రేపటి మటన్ ఆంటీయే కొడుతది" అని లోపలికి వెళ్లాడు.

నేను వ్యాన్ ఎక్కుతుంటే ఆంటీ వెనకే వచ్చింది. తిట్టినా బాగుండేది.

"నా చెయ్యి పోయిందని ఆయనకు చెప్పేముందు నన్నొక్క మాట అడగకపోతివి బిడ్డా" అంది.

క్షమించమన్నాను. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఏ కిచెన్‌కు వెళ్లినా, కత్తి పట్టే మనిషితో మాట్లాడకుండా యజమాని దగ్గర నోరు విప్పను.