ఆర్పేశానన్న తెర

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులకు జవాబులు కొట్టే టైపిస్టుకి కళ్ళు కనిపించవు. తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఆమె చెవిలో గడగడా వాగుతుంటుంది. ఒకసారి సరదాకి ఇయర్‌ఫోన్ పెట్టుకున్న ప్యూను, "ఇవేం మాటలమ్మా, రేకుల మీద వడగళ్ళు పడ్డట్టున్నాయి!" అని పీకి పారేశాడు.

తెరతో ఆమెకి పనే లేదు. పైగా అది వెలుగుతుంటే వెనకనుంచి పోయేవాళ్ళంతా చదువుతారు. మీట నొక్కితే ఆరిందో వెలిగిందో తనకి తెలియదు కనుక, చేరిన రోజే పక్క సీటు అక్కని అడిగింది.

"నేనున్నానుగా! ఇదిగో, ఆర్పేశా."

నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్నే అదే మాట. ఆ ధైర్యంతోనే చెల్లెలికి రాసే మెయిళ్ళూ, మొగుడి మీద విసుగూ, డాక్టరుకి చెప్పుకోవలసినవీ అన్నీ అక్కడే రాసుకుంది.

వారం నుంచి ఒక అర్జీ దిద్దుతోంది. చూపులేని వాళ్ళకి కంప్యూటరు నేర్పే శిక్షణ కేంద్రంలో పంతులమ్మ ఖాళీ ఉంది, అక్కడికి బదిలీ కావాలి. సాయంత్రంతో గడువు సరి. సంగతి ఇంట్లోనూ చెప్పలేదు, అక్కకీ చెప్పలేదు. ఉత్తర్వు వచ్చాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకుంది.

మధ్యాహ్నం సూపరింటెండెంటు పిలిచాడు.

"ఏమ్మా, మమ్మల్ని వదిలేసి పంతులమ్మవి అయిపోదామనా? ఇక్కడి పని ఎవరు చేస్తారు? ఆ అర్జీ నా దాకా తేకు."

"మీకెవరు చెప్పారు సార్?"

"ఎవరో అన్నార్లే. వెళ్ళి పని చూసుకో."

సీట్లోకి వచ్చి కూలబడింది. ఎవరితోనూ అనని మాట. రాసింది ఒక్కచోటే. చెయ్యి చాపి తెర వెనక తడిమింది. ఆరి చల్లగా ఉండాల్సింది, వెచ్చగా ఉంది.

కాసేపటికి టీలో చెంచా తిప్పుకుంటూ అక్క వచ్చి వెనక నిలబడింది. టైపిస్టు పలకరించలేదు. మెల్లిగా కొట్టింది: "అక్కా, ఇది కూడా చదువుతున్నావా?"

చెంచా ఆగిపోయింది.

"నీ మంచికే చెల్లీ," అంది అక్క. "కొత్త చోట నిన్నెవరు చూసుకుంటారు?"

"నా మంచికా? నేను పోతే ఫిర్యాదులన్నీ నీ నెత్తిన పడతాయనా?"

అక్క కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"డాక్టరుకి రాసింది కూడా చదివావా?"

"అదొక్కటీ ఎవరికీ చెప్పలేదే. ఒట్టు."

టైపిస్టు వంగి, తెరకి వెళ్ళే తీగని వెతికి పట్టుకుని ఊడలాగింది. చుట్టచుట్టి సంచీలో పెట్టుకుంది. చెవిలో ప్రోగ్రాం తన మానాన తను వాగుతూనే ఉంది. అర్జీలో 'సూపరింటెండెంటు గారి ద్వారా' అన్న ముక్క చెరిపేసి, నేరుగా పై ఆఫీసుకి పంపేసింది. దాన్ని వాళ్ళు తీసుకుంటారో, తిప్పి కొడతారో.

అర్జీ వెళ్ళిందని చెవిలో ప్రోగ్రాం చెప్పింది. ఇలాంటప్పుడు చప్పున పక్కకి తిరిగి చెప్పుకునే అలవాటు. సగం తిరిగి, ఆగిపోయింది.